సామ్రాజ్యం విప్పనివ్వని ఇంజను

పొదిలి టాక్సీ స్టాండు పక్కన ఆదెయ్య మెకానిక్ షెడ్డు ఉండేది. రెండువేల మూడులో ఆదెయ్య పోయాక, పెద్దకర్మ అయిన మర్నాడే ఆయన భార్య సామ్రాజ్యం షెడ్డు తలుపులు తెరిచింది. ఊరు ముక్కున వేలేసుకుంది. వేసుకోనీ అనుకుందామె.

చదివింది పల్లెటూరి బడిలో అయిదో తరగతి. చేసినవి చెప్పమంటే మాత్రం పొద్దు చాలదు. పెళ్లయిన కొత్తలో మొగుడు జ్వరంతో పడుకుంటే, పొగాకు తోటలో మొరాయించిన ఆయిలింజన్ని తనే వెళ్లి పలికించింది. మార్టూరు రాళ్ల లారీ నడిరోడ్డు మీద ఆగిపోతే డీజిలు పైపులో పట్టిన గాలి తీసి పంపించింది. ఆదెయ్య చెవి కాస్త మందం. ఇంజను చప్పుడు వినేది ఆమె, విప్పేది ఆయన. ఆ సంగతి స్టాండులో అందరికీ తెలుసు. ఒప్పుకునేవాళ్లే లేరు.

షెడ్డు స్థలం స్టాండు సంఘానిది. సంఘం పెద్ద వేణుగోపాల్ వచ్చి, బండ్లు రాని షెడ్డు ఎందుకక్కా, తాళం ఇచ్చేస్తే వేరే మెకానిక్‌ని పెట్టుకుంటామన్నాడు. ఎందుకు రావో చూస్తానంది సామ్రాజ్యం. అయితే స్టాండులో డ్రైవరు ఇమాం హుస్సేన్ వ్యాను బాగుచెయ్యమన్నాడు. చేస్తే స్టాండు బండ్లన్నీ ఆమెవే, లేకపోతే సాయంత్రానికి తాళం తనకివ్వాలి.

ఆ వ్యాను రోడ్డు మీద గుర్రంలా పోయేది. ఎక్కడైనా ఆపితే మాత్రం చలిజ్వరం వచ్చినట్టు వణికి వణికి ఆగిపోయేది. ఊరవతల కొత్త షెడ్డులో ప్లగ్గులు మార్చారు, కార్బురేటర్ కడిగారు, చివరికి వాల్వులు పోయాయి, ఇంజను దించి విప్పాల్సిందేనన్నారు. అవి మిరపకోతల రోజులు. కూలీలను చేలకు తిప్పుకునే ఇమాం హుస్సేన్‌కి బండి ఒక్కరోజు ఆగినా గడవదు.

“పొద్దున్నే స్టార్టు చేసినప్పుడు వణుకుతుందా?” అని అడిగింది సామ్రాజ్యం.

“లేదు వదినా. వేడెక్కాకే.”

మిట్ట ఎక్కేటప్పుడు బాగానే లాగుతుందని కూడా చెప్పాడు.

“వాల్వులు పోయిన బండి పొద్దున్నా వణకాలి, మిట్ట దగ్గరా చతికిలపడాలి. ఇది నిలబడ్డప్పుడే ఏడుస్తోందంటే ఎక్కడో దొంగగాలి పీలుస్తోంది. ఇంజను మీద ఎవడూ చెయ్యి వెయ్యొద్దు.”

డ్రైవర్లు టీ గ్లాసులతో చుట్టూ చేరారు. రోకలి పట్టిన చెయ్యి కదా, నాలుగు దంచితే అదే దారికొస్తుందన్నాడొకడు. నీ బండి వచ్చినప్పుడు దంచుతాలే, తొందరపడకంది.

ఇంజను మీది సీటెత్తి, దాన్ని వేడెక్కేదాకా నడిపింది. వణుకు మొదలైంది. చెంబుతో నీళ్లు తెచ్చి, ఇంజనుకి గాలి అందే పైపుల అతుకుల మీద ఒక్కొక్కచోటా చుక్కలు చుక్కలుగా పోసింది. ఒకచోట నీళ్లు సర్రున లోపలికి పోయాయి. తడిగుడ్డ ఆ అతుకు చుట్టూ బిగించి పట్టుకుంది. వణుకు ఆగింది. గుడ్డ తీసింది. మళ్లీ వణుకు.

మసి తుడిస్తే కింద పసుపు రంగు బయటపడింది. చేలో మందు కొట్టే మిషను పైపు. ఆ చుట్టుపక్కల ఆ పైపు బట్టలారేసే దండెం, దూడ పలుపు, పంపుకి మూతి. ఎక్కడ కనపడినా ఎవరికీ వింతగా తోచదు, కొత్త షెడ్డువాళ్లకూ అంతే. పత్తికి మందు కొట్టే రోజుల్లో అసలు పైపు తెగితే, ఎవరో రైతు కోసిచ్చిన ముక్క కట్టి ఆ మాటే మరిచిపోయానని తల గోక్కున్నాడు ఇమాం హుస్సేన్.

“ఇది పత్తి కోసం పుట్టిన పైపు ఇమామూ. చల్లగా ఉన్నంతసేపూ బిగిసి ఉంటుంది, ఇంజను వేడికి మెత్తబడి నోరు తెరుస్తుంది.”

ఆదెయ్య డబ్బాలోంచి సరైన రబ్బరు పైపు తీసి, క్లిప్పులు బిగించింది. బండి నిలబడ్డప్పుడు ఆగిపోకుండా కొత్త షెడ్డువాళ్లు పెంచిపెట్టిన స్లోస్పీడు తగ్గించింది. ఇంజను నిద్రపోయే పిల్లలా ఊపిరి తీసింది.

వేణుగోపాల్ సీటు మీద అరచెయ్యి ఆనించి, వణుకు లేదని నమ్మేదాకా ఉంచాడు. తాళం ఊసెత్తలేదు. బోర్డు మీద ఆదెయ్య పేరే ఉండనీ అక్కా, ఆడమనిషి పేరంటే ఊళ్లోవాళ్లు జంకుతారన్నాడు.

“ఆయన పేరు ఆయన ఉన్నన్నాళ్లూ ఉంది. విన్న చెవి నాది. రేపు పెయింటరొస్తాడు.”

తాళం కొంగున ముడేసుకుని, రోడ్డు మీదున్న అతని కారు వైపు చూపించింది.

“నీ బండి లోపలికి తోలు. ఇందాక నువ్వు వస్తుంటేనే దాని చప్పుడులో తేడా విన్నాను.”

అతను వెళ్లి కారు లోపలికి తోలుకొచ్చాడు.