పచ్చగా నిలిచిన సొప్ప

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, వానలు వరసగా మొహం చాటేసిన కాలంలో, కోడుమూరు పక్కన మా అత్తగారి ఊళ్లో ఒక పచ్చటి జొన్నచేను అందరి కంట్లో నలుసైంది. ఆ చేను మాదే. పరిశోధన కేంద్రం నుంచి ఒక సైంటిస్టు వచ్చి మా మామకు ఒక సంచి విత్తనం ఇచ్చాడు. ఇందులో ఉన్న కొన్ని జన్యువులు, నేలలో తేమ అయిపోయినా కంకి పండేదాకా ఆకును ఎండనివ్వవని చెప్పాడు. దుడ్లు అడగలేదు. అడగనందుకే నాకు మొదటి అనుమానం వచ్చింది.

కోతల నాటికి చుట్టుపక్కల చేలన్నీ మాడిపోయాయి. మాది మాత్రం కంకి ముదిరినా ఆకు పచ్చగానే ఉంది. మేం దొంగచాటుగా బోరు నీళ్లు పెడుతున్నామని కొందరు, ఏదో మందు కొట్టామని కొందరు అన్నారు. బావి దగ్గర వాళ్లతో నేను బాగానే పోట్లాడాను. ఇంటికొచ్చి అదే మాట మామను గుచ్చి గుచ్చి అడిగాను.

అసలు భయం వేరే. నీళ్లు లేక గిడసబారిన పచ్చిజొన్న మేస్తే పశువు ఉన్నపళాన పడిపోతుంది. దాన్ని నాము అంటారు. మా పుట్టింట్లో ఒక పాడి ఆవు నా కళ్లముందే అలా పోయింది. కంకులు కోసి, దంట్లు ఎండేసినా మా సొప్పలో పచ్చదనం పూర్తిగా పోలేదు. ఆ విషం లేత పైరులోనే ఎక్కువ, పండి ఎండిన సొప్పతో భయం లేదన్నాడు, పంట చూడ్డానికి మళ్లీ వచ్చిన సైంటిస్టు. అత్త అతన్ని ఎగాదిగా చూసి అడిగింది.

"నీకు ఎద్దులుండాయా నాయనా?"

లేవన్నాడు. ఇంక అతని మాట మా ఇంట్లో ఎవరు వింటారు?

కొట్టం వెనక సొప్ప వామి, కొట్టంలో మా రెండెద్దుల ముందు ఖాళీ గాడి. మేపుదామని మామ అంటే అత్తా నేనూ అడ్డం పడ్డాం. అత్త ఒక దంటు విరిచి నమిలింది. తియ్యగా ఉందట, అందుకే మరీ అనుమానంగా ఉందని ఊసేసింది. ముందు ఒక పశువుకు పెట్టి చూద్దామంటే ఊళ్లో ఎవరూ తమది ఇవ్వలేదు. కొనడానికి మేత యాడా లేదు. ఎద్దుల డొక్కలు లోపలికి పోయాయి. చివరికి మామ పశువుల బేరగాణ్ణి పిలిపించాడు. ఆ కరువులో అమ్మిన ఎద్దు కాడికి పోదు, కోతకే పోతుంది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

బేరగాడు ఎద్దుల పళ్లు చూశాడు. తర్వాత మామా వాడూ ఆనవాయితీ ప్రకారం తువ్వాలు కింద చేతులు పెట్టి, వేళ్లు పట్టుకుని ధర తేల్చుకోసాగారు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారే గాని పలుపు ఎవరి చేతిలోనూ లేదు. మేమూ ఆ తువ్వాలునే చూస్తున్నాం. అత్త కేక వేసేసరికి ఎద్దులు రెండూ వామి దగ్గరున్నాయి. లాగి తెచ్చేలోపు బాగానే మేశాయి.

బేరగాడు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "నాము మేసిన గొడ్లు నాకొద్దప్పా" అని వెళ్లిపోయాడు.

అత్త ఎవరింట్లోనో మజ్జిగ అడిగి తెచ్చి, బెల్లం కలిపి విరుగుడుగా రెండిటికీ తాగించింది. మామ తల పట్టుకుని కూర్చున్నాడు. నేను వాటి కాళ్లు వణుకుతాయేమోనని చూస్తూ ఏడుస్తున్నాను. ఇంతలో పెద్ద ఎద్దు ముందు మోకాళ్లు వంచింది. అయిపోయిందనుకున్నాను. అది తీరిగ్గా పడుకుని, నెమరు మొదలుపెట్టింది.

మర్నాడు బేరగాడు మళ్లీ వచ్చాడు. ఎద్దులు నిక్షేపంగా నిలబడి ఉండటం చూసి, బేరం చెడగొట్టి ధర పెంచడానికి మేం నాటకమాడామని వాడి అనుమానం. అత్త చంకలో సొప్ప మోపుతో కొట్టంలోకి పోతోంది.

"ఎద్దులు అమ్మేది లేదు, పోప్పా" అంది.

ఆ వేసవంతా అవి ఆ వామినే మేశాయి. అత్త మాత్రం రోజూ పొద్దున మోపు వేశాక, రెండూ నెమరుకు దిగేదాకా కొట్టం వదిలి రాలేదు.