చిన్నక్క కూర్చునే మూల

బొజ్జయ్య పికప్‌లో ముందు సీటు నాది. అడవి అంచున ఉన్న ఈ ఊరి ఆరోగ్య ఉపకేంద్రానికి నర్సును, టీకాల డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి కాబట్టి ఆ సీటుకు నాతో ఎవరూ పోటీకి రారు. వస్తే నేను ఊరుకునే రకాన్ని కూడా కాదు. వెనక ట్రాలీలో ఎడమ మూల మాత్రం చిన్నక్కది. దానికీ ఎవరూ పోటీకి రారు. కారణం వేరు.

చిన్నక్క బాగా బరువైన మనిషి. చాటుగా అంటున్న మాట కాదిది, ఆమే నలుగురిలో చెప్పుకుని నవ్వుతుంది. అడ్డాకుల కట్టలు, కుంకుళ్లు, కొండ చీపుర్లు బుట్టలో పెట్టుకుని సారపాక వెళ్లి, మిల్లు కాలనీ దారిలో కూర్చుని అమ్ముతుంది. భర్త పోయాక ఆ బుట్ట మీదే ఇల్లు గడిచింది. ఎవరి దగ్గరా ఏదీ ఊరికే తీసుకోదు. నేను జ్వరం మాత్రలు ఇచ్చినా మర్నాడు గడపలో చింతపండు ముద్ద ఉంటుంది. సర్కారు మాత్రలమ్మా, నా సొమ్మేం కాదు అని ఎన్నిసార్లు కోప్పడ్డా వినదు. విననందుకు నాకు ఒళ్లు మండుతుంది, చింతపండు మాత్రం బాగుంటుంది.

వానలు పడితే రాళ్లవాగు దాటడం మాకు రోజూ ఒక గండం. అవతలి గట్టు ఏటవాలుగా ఉంటుంది. బండి ఎక్కబోయేసరికి ఎడమ వెనక చక్రం తేలిపోయి బురదలో ఉత్తినే గిర్రున తిరుగుతుంది, కుడి చక్రం ఉలకదు పలకదు. అప్పుడు టీకాల డబ్బాతో సహా నేను, నాతోపాటు అందరూ దిగాలి. దిగనిది చిన్నక్క ఒక్కతే. తన మూలకు జరిగి, ట్రాలీ అంచు పట్టుకుని, బయటికి ఒరిగి బరువంతా ఆ చక్రం మీద వేస్తుంది. చక్రానికి నేల దొరుకుతుంది, బండి గట్టెక్కుతుంది. బొజ్జయ్య కిటికీలోంచి తల బయట పెట్టి, “ఎక్కిందక్కా” అంటాడు. ఎక్కక ఏం చేస్తుంది అంటుంది ఆమె. ఈ పనికి గాను బొజ్జయ్య ఆమె దగ్గర ఏనాడూ కిరాయి తీసుకోలేదు. తాను లేకపోతే వాడి బండి వాగు దాటదని ఆమె సారపాకంతా చెప్పుకునేది.

పోయిన వానాకాలం చక్రానికి ఒక్కసారిగా పట్టు దొరికి బండి ఎగిరింది. చిన్నక్క రాళ్ల మీద పడింది. ఎముక విరగలేదు గానీ మోకాలు గుమ్మడికాయంత అయింది. కట్టు కట్టింది నేనే, దొరికిన వాళ్లందరినీ తిట్టింది కూడా నేనే. భద్రాచలం దవాఖానాకు బొజ్జయ్యే తీసుకెళ్లాడు. ఆ మనిషి మనసులో మాట బయటపెట్టే రకం కాదు.

ఆ తర్వాతే అతనికి డిఫరెన్షియల్ పిచ్చి పట్టింది. వెనక ఇరుసు మధ్యలో ఉండే గుండ్రటి డబ్బా అది, ఇంజన్ బలాన్ని రెండు చక్రాలకు పంచేది. అది మారిస్తే చక్రం ఉత్తినే తిరగకుండా ఉంటుందని, మనిషి బరువు అక్కర్లేదని ఊళ్లో చెప్పాడట. ఆ మాట చిన్నక్క చెవిన పడింది. కాలు కాస్త కుదుటపడ్డాక ఆమె మళ్లీ సారపాక బయల్దేరింది, కానీ పికప్ ఎక్కలేదు. బుట్ట నెత్తిన పెట్టుకుని, అదే మోకాలితో వాగు దాటి, తారు రోడ్డు దాకా కుంటుకుంటూ నడిచి ఆటో ఎక్కేది.

ఇట్లా నడిస్తే వానలు వచ్చేసరికి మంచాన పడతావని చెప్పాను. మంచాన పడితే ఆ బుట్ట ఎవరు మోస్తారని కూడా అడిగాను.

“బరువు కోసం ఎక్కించుకుండు సిస్టరమ్మా. ఇగ బరువుతోని పని లేదాయె. ఏం మొఖం పెట్టుకొని ఎక్కాలె?” అంది. అంతకుమించి తెలుగులో ఏమీ అనలేదు. తర్వాత కోయ భాషలో అన్నది నాకు సగమే అర్థమైంది, అదీ బొజ్జయ్యకు చెప్పదగ్గది కాదు.

అయినా వెళ్లి బొజ్జయ్య మీద పడ్డాను. చక్రాలకు పెట్టే శ్రద్ధ మనుషులకు పెట్టమన్నాను. తల వంచుకుని చూద్దాం సిస్టర్ అన్నాడు. ఆ చూద్దాం విని నాకు ఇంకా మండింది.

పాల్వంచలో నాకు మీటింగ్ ఉన్న రోజే బొజ్జయ్య అక్కడి అహ్మద్ పాషా షెడ్డుకు బయల్దేరాడు. దారిలో దింపుతాడు కదా అని ఎక్కాను. దింపలేదు, ముందు షెడ్డుకే తీసుకెళ్లాడు. పాషా తండ్రి కాలం నుంచి లారీలు, జీపులు బాగు చేస్తున్నవాడు. చాయ్ తెప్పించి తీరిగ్గా మూడు దారులు చెప్పాడు. ఒకటి, లోపలి పళ్ల చక్రాలను వెల్డింగ్ చేసి కదలకుండా జామ్ చేయడం. ఖర్చు తక్కువ, ఏ బురదైనా దాటుతుంది. రెండోది, లోపల ప్లేట్లుండే రకం, మెత్తగా పని చేస్తుంది. మూడోది, మామూలప్పుడు ఊరికే ఉండి, ఒక చక్రం ఉత్తగా తిరిగితే తనంతట తానే రెండింటినీ కలిపి బిగించేది. రోజూ తారు రోడ్డు మీద తిరిగే బండికి ఏది పెట్టాలో ఆలోచించుకోమన్నాడు.

మూడు రకాల బళ్లూ షెడ్డులోనే ఉన్నాయి. నడిపి చూడమని పాషా తాళాలు ఇచ్చాడు. బొజ్జయ్య తీసుకోలేదు. పాషానే నడపమని, తను వెళ్లి వెనక ఎడమ మూలన కూర్చున్నాడు. నడిపి చూడాల్సినవాడు స్టీరింగ్ పట్టుకోకుండా వెనక కూర్చోవడం నేనెక్కడా చూడలేదు. మీటింగ్ టైము దాటిపోతోందని నేను ముందు కూర్చుని సణుగుతూనే ఉన్నాను.

లోపల వెల్డింగ్ చేసిన, వెదురు లోడు మోసే బండి ప్రతి మలుపులోనూ మొరాయించింది. వెనక టైర్లు రోడ్డును రాసుకుంటూ గెంతాయి, బొజ్జయ్య రెండుసార్లు పడబోయాడు. దిగి, వద్దని తల ఊపాడు. ప్లేట్లున్న జీపు రోడ్డు మీద హాయిగా వెళ్లింది గానీ, షెడ్డు వెనక గుంతలో చక్రం పైకి లేవగానే మా రాళ్లవాగులోలాగే గిర్రున తిరిగింది. చివరిది పాషా సొంత పికప్. మలుపుల్లో ఏమీ తెలియలేదు. గుంతలో చక్రం ఒక చుట్టు తిరిగి, ఠక్కుమని బిగిసి, బండి పైకి వచ్చేసింది.

బొజ్జయ్య ఆ మూలనే కూర్చుని అడిగాడు. “పాషా భాయ్, గీ దెబ్బకు గీడ కూసున్న మనిషి పడతడా?”

పట్టుకోవడానికి ఏమైనా ఉంటే పడరన్నాడు పాషా. వాళ్లిద్దరూ ఇంకేదో మాట్లాడుకుంటుంటే నేను మీటింగ్‌కు పరుగెత్తాను, తిట్లు తిన్నాను. ఆ మూడో రకం పెట్టించడానికి బొజ్జయ్య బండి షెడ్డులోనే ఉండిపోయింది, ఇంటికి బస్సులో వచ్చాను.

బండి తిరిగొచ్చిన మర్నాడు పొద్దున్నే తొలి వాన పట్టుకుంది. ఊరి బయట బుట్టతో కుంటుతూ వెళ్తున్న చిన్నక్క పక్కన బొజ్జయ్య బండి ఆపాడు. దిగి, ఆమె నెత్తి మీది బుట్ట తీసి ట్రాలీలో పెట్టాడు. అప్పుడు చూశాను. ఎడమ మూలన ఇనప గొట్టాలతో వెల్డింగ్ చేసిన చిన్న కుర్చీ, వీపుకు ఆనుడు, రెండు పక్కలా పట్టుకోవడానికి కడ్డీలు. ఎక్కడానికి కింద ఒక మెట్టు కూడా ఉంది, నొప్పి మోకాలికి అందేంత తక్కువ ఎత్తులో.

చిన్నక్క దాన్నీ అతన్నీ మార్చి మార్చి చూసింది. నా బరువు అక్కర్లేదన్నావట కదా అని అడిగింది.

“బరువు కోసమే ఐతే ఇసుక బస్తా ఏసుకోకపోదునా అక్కా” అన్నాడు బొజ్జయ్య. “ఊరికె ఎక్కుమంటె నువ్వు ఎక్కుదువా?”

ఇన్నేళ్లుగా ఆ వాగులో దిగి ఎక్కుతూ ఇసుక బస్తా సంగతి నాకు తట్టనే లేదు. ట్రాలీలో ఉన్నవాళ్లెవరికీ తట్టలేదు. చిన్నక్కకూ తట్టలేదని ఆమె మొహం చూస్తే తెలిసింది. వాన వస్తుంటే ఆలస్యమేంటని ఇద్దరినీ కేకలేశాను. చిన్నక్క కొంగుతో కళ్లు తుడుచుకుని, మెట్టు మీద కాలు పెట్టి ఎక్కింది. కుర్చీ ఇరుకుగా ఉందని వాగు దాకా గొణుగుతూనే ఉంది.

రాళ్లవాగులో ఎవరూ దిగలేదు. గట్టు దగ్గర చక్రం ఒక చుట్టు తిరిగింది. నా పక్క అద్దంలో చూస్తే చిన్నక్క కడ్డీ పట్టుకుని, ఎప్పటిలాగే బయటికి ఒరిగి బరువంతా చక్రం మీద వేస్తోంది. ఠక్కుమంది, బండి గట్టెక్కింది.

బొజ్జయ్య కిటికీలోంచి తల బయట పెట్టాడు.

“ఎక్కిందక్కా” అన్నాడు.