నిజం చెప్పినందుకు ఒక స్టార్

ఆరేళ్లుగా ఒక స్టార్‌ను మోస్తున్నాను. బంగారు రంగు కాగితం, వెనక జిగురు. తూకం వేస్తే గ్రాము కూడా తూగదు. మీకు నేనెవరో తెలియదు కాబట్టి మీకు చెప్పడం సులువు. ఇంట్లోవాళ్లకు చెప్పాలంటే ముందు కాస్త నవ్విస్తాను, నవ్వయ్యాక చెబుదామనుకుంటాను, నవ్వు అయిపోగానే అందరూ అన్నానికి లేస్తారు. నా జీవితంలో ముఖ్యమైన మాటలు చాలావరకు అలా అన్నం దగ్గరే ఆగిపోయాయి.

అప్పుడు నేను కర్మన్‌ఘాట్‌లో అక్కావాళ్ల కిరాయి ఇంట్లో ఉండేవాణ్ని. దిల్‌సుఖ్‌నగర్‌లో సర్కారు ఉద్యోగాల కోచింగ్. అంటే పొద్దున్నే వెళ్లి, హాలు నిండా కూర్చున్న నాలాంటివాళ్లను చూసి, ఉద్యోగం రాదని రూఢి చేసుకుని, మధ్యాహ్నానికి ఇల్లు చేరడం. బావ బస్సు డ్రైవర్. అక్క బట్టల షాపులో బిల్లులు కొట్టేది. తను వచ్చేదాకా వాళ్ల కూతురు మిన్నును చూసుకునేది నేనే. నాలుగేళ్లది. నేను కూర్చుంటే వీపెక్కేది, నిలబడితే కాలు పట్టుకుని వేలాడేది, చదువుకుంటే పుస్తకం మీద కూర్చునేది. నాకు ఉద్యోగం రాకపోవడానికి అదే కారణమని చుట్టాలకు చెబుతుంటాను. పాపం, దానికంత శక్తి లేదు.

ఆ వేసవిలో అక్క ఫోన్‌లో ఏదో వీడియో చూసి ఫ్రిజ్ తలుపుకు చార్ట్ అంటించింది. అన్నం తానే తినడం, బొమ్మలు సర్దడం, నిజం చెప్పడం. మంచి పని చేసినప్పుడల్లా ఒక స్టార్. చార్ట్ నిండితే ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కించి చివరిదాకా తిప్పుతానని మాటిచ్చింది. అక్కకు ఆదివారాలు కూడా షాపే. అమ్మ ఒళ్లో ఒక పూటంతా కూర్చోవడం మిన్నుకు మార్కెట్లో దొరకని వస్తువు. రోజూ పొద్దున ఫ్రిజ్ ముందు నిలబడి, ఖాళీ గళ్లను వేలితో తడిమి చూసుకునేది.

"మీ తమ్మునికి గూడ ఒక చార్ట్ పెట్టు, జర జల్ది లేస్తడేమో," అన్నాడు బావ. నేనూ నవ్వాను. నవ్వకపోతే అది నిజమైపోతుంది.

ఇంటి ఓనర్ ఆంటీ కింది వాటాలో ఉండేది, గుంటూరు వైపు మనిషి. సంపులోంచి ట్యాంకుకు నీళ్లెక్కించే మోటారు వేసి, నిండగానే ఆపడం పై వాటా వాళ్ల పని. అంటే నాది. రెండుసార్లు ఆపడం మరిచిపోయాను. ఇంకోసారి నీళ్లు పొర్లితే ఇల్లు ఖాళీ చేయమంటానని ఆంటీ చెప్పింది. ఇంకోసారి ఆంటీ దగ్గర మాట పడాల్సి వస్తే నన్ను ఊరికి పంపిస్తానని బావ చెప్పాడు. నల్గొండ పక్కన మా ఊరు. బస్సు దిగి ఇల్లు చేరేలోపు "ఏంది, అయిపోయిందా కోచింగ్" అని అడగనివాళ్లు ఉండరు.

ఆ రోజు మోటారు వేశాను. ఫోన్ చూస్తూ నిద్రపోయాను. నేను స్విచ్ వేయడం మిన్ను చూసింది. పక్కనే బొమ్మలు సర్దుకుంటోంది, స్టార్ కోసం. లేచేసరికి డాబా నుంచి ధారగా నీళ్లు. పైన పాత చీర పరిచి ఆంటీ ఎండబెట్టిన సగ్గుబియ్యం వడియాలు మళ్లీ జావ అయిపోయాయి. ఇది రాస్తుంటే ఇప్పటికీ నవ్వొస్తోంది. నా జబ్బే అది.

అక్క అప్పుడే పని నుంచి వచ్చింది. వెనకే ఆంటీ మెట్లెక్కి వచ్చింది.

"మోటారు ఎవరేశారమ్మా? వడియాలంటే పోనీలే అనుకుంటాను. సంపులో చుక్క లేదు, ఈ ఎండల్లో నీళ్లెక్కణ్ణించి తెచ్చేది?"

అక్క నన్ను చూసింది. నేను మిన్నును చూశాను. దానికి స్విచ్‌లంటే ప్రాణమని ఇంట్లో అందరికీ తెలుసు. ఆ చూపు చాలుతుందని నాకు తెలియదా? తెలుసు. చాలదేమోనని నోరు కూడా విప్పాను.

"నేను పండుకున్న అక్కా. ఇదే ఏసిందేమో."

"నేను కాదు," అంది మిన్ను.

"అబద్ధం చెప్తే స్టార్లన్నీ పీకేస్త," అంది అక్క. తర్వాత గొంతు తగ్గించి, "నిజం చెప్పు బిడ్డా, ఏమనను. నిజం చెప్తే స్టార్ ఇస్త."

మిన్ను ఫ్రిజ్ వైపు చూసింది. నా వైపు చూసింది. మళ్లీ ఫ్రిజ్ వైపు చూసింది.

"నేనే," అంది.

ఆంటీ అక్కడే కరిగిపోయింది. "పోనీలే, ఎంత చక్కగా ఒప్పుకుందో బంగారుతల్లి," అంటూ దిగి వెళ్లిపోయింది. అక్క వంటింట్లోకి పోతూ స్టార్ నన్ను అంటించమంది. నిజం చెప్పడం అనే వరసలో మిగిలిన ఆఖరి గడి. ఊడిపోకుండా బొటనవేలితో నొక్కి మరీ అంటించాను.

చార్ట్ నిండింది. మెట్రోకు నన్నూ తీసుకెళ్లారు. అక్క ఒళ్లో కూర్చున్న మిన్ను నా చెవి దగ్గరికి వంగి, "మామా, నీకు చార్ట్ లేదు గదా. మరెట్ల?" అని అడిగింది. ఏం ఎట్ల అని నేను అడగలేదు. కిటికీలోంచి ఏదో చూపించాను.

నేను అబద్ధం ఆడానన్నది పెద్ద విషయం కాదు. కోచింగ్ బాగా జరుగుతోందని రోజూ ఆడేవాణ్ని. కానీ ఒక పసిదాని చేత నిజాన్ని మింగించి, దాని అబద్ధానికి నిజమని పేరు పెట్టి, పైన బహుమతి అంటించాను. భయపడ్డానా? భయపడ్డాను. మర్నాడు చెప్పొచ్చుగా? మర్నాడు ఎవరూ అడగలేదు. ఎవరూ అడగకపోవడం ఎంత హాయిగా ఉంటుందో మీకు తెలిసే ఉంటుంది.

తర్వాత బావకు డిపో మారి వాళ్లు సూర్యాపేట వెళ్లిపోయారు. నేను మీర్‌పేట్‌లో గది తీసుకున్నాను, చిన్న ప్రైవేటు ఉద్యోగం. మొన్న వాళ్లింటికి వెళ్తే మిన్ను "నమస్తే మామా" అని మంచినీళ్లు తెచ్చిచ్చింది. పదేళ్ల పిల్ల వీపెక్కదు, నాకు తెలుసు. అయినా కాసేపు నేల మీదే కూర్చున్నాను.

ఇంతలో గాలికి కిటికీలోని స్టీలు గ్లాసు కింద పడింది. పక్క గదిలోంచి, ఎవరూ అడగకముందే, "నేనే. సారీ," అని మిన్ను గొంతు.

"ఏమైనా గిట్లనే అంటది. మంచి పిల్ల," అని అక్క నవ్వింది. అందరితోపాటు నేనూ నవ్వాను.

ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కినప్పుడల్లా కొంచెం వంగి నిలబడతాను. బ్యాగు బరువనుకుంటారు. వీపు మీది ఆ పిల్ల కావాలి నాకు. అది దొరకదు. కనీసం దాని నోట "నేను కాదు" అనే మాట ఒక్కసారి వినాలని ఉంది. గట్టిగా, కోపంగా, నా మొహం మీదే.

దానికి చెప్పాలి. చెబుతానో, మళ్లీ నవ్విస్తానో తెలియదు. ప్రస్తుతానికి మీకు చెబుతున్నాను.

ఆ రోజు మోటారు వేసింది నేనే. స్టార్ వద్దు.