ఎనిమిదిన్నర గీతలు

తుపాకుల కొట్లో సేల్స్‌మన్ ఎవరితోనైనా ఇట్టే వరస కలిపేస్తాడు. వీధి చివర ఇస్త్రీ చేసే ఆయన్ని ‘అన్నా’ అని పిలిచి, కొత్తలోనే ఎత్తు కూడా అడిగి తెలుసుకున్నాడు. దూరాన్ని దగ్గరగా చూపే తుపాకీ స్కోపు కొనడానికి ఎవరొచ్చినా దాన్ని కిటికీలో బిగించి ఆయన మీదికే తిప్పుతాడు. "మనిషి నూట డెబ్భై సెంటీమీటర్లండీ. అద్దంలో ఉన్న కొలతగీతల్లో ఎనిమిదిన్నర గీతలు పట్టాడంటే రెండొందల మీటర్ల దూరంలో ఉన్నట్టు. పొద్దస్తమానం నిలబడే ఉంటాడు, బంగారంలాంటి మనిషి!" అని పళ్లికిలిస్తాడు. కొనేవాళ్లు సరదాకి చెయ్యి ఊపితే, ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి ఆయనా ఊపేవాడు.

ఆవేళ ఇస్త్రీ చేసిన సేల్స్‌మన్ చొక్కాలు ఇవ్వడానికి ఆయనే కొట్టుకి వచ్చాడు. ఎవరో పెద్దమనిషి స్కోపుకు కన్నానించి కిసుక్కున నవ్వుతుంటే, ఏముందోనని తనూ తొంగిచూశాడు. నల్లగీతల మధ్య తన బల్ల, దాని వెనక తన బదులు నిలబడి మోచేత్తో నుదురు తుడుచుకుంటున్న భార్య. నిలువుగీత సరిగ్గా ఆమె ముక్కు మీదుగా దిగింది. స్కోపు రబ్బరు అంచు తగిలిన కంటిని ఆయన ఎర్రబడేదాకా తుడుచుకుంటూ, "థూ! మనుషులేనా మీరు?" అన్నాడు.

సేల్స్‌మన్ నవ్వు చెక్కుచెదరలేదు. పెన్సిలు తీసుకుని దగ్గరకు జరిగాడు.

"కోప్పడకన్నా. వదిన ఎత్తెంతో చెప్పు, సారుకి దూరం లెక్కకట్టి చూపించాలి."