జీనా పిన్ని కనురెప్ప

వెర్బివ్కా ఊళ్లో జీనా పిన్ని నోటికి జడవని మనిషి లేడు. కోడిగుడ్లు పొదిగే కేంద్రంలో ముప్పైనాలుగేళ్లుగా ఆమెదే పెత్తనం. మనుషుల మీద ఎంత చిరాకో, గుడ్ల మీద అంత ప్రేమ. యంత్రం తెర మీద వేడి ఎంతో అంకెల్లో కనిపిస్తూనే ఉన్నా, ఒక గుడ్డు తీసి మూసిన కనురెప్పకు ఆనించుకుంటే గాని ఆమెకు నమ్మకం కుదరదు.

"పిన్నీ, నీ కంటికి గ్యారంటీ కార్డు ఉందా?" అని డైరెక్టర్ వదీమ్ ఏడిపించేవాడు.

"నీ యంత్రానికి రెండేళ్లే కదయ్యా గ్యారంటీ. నా కన్ను అరవై ఒక్కేళ్లుగా పనిచేస్తోంది" అనేది.

ఆ మార్చిలో శత్రువు ట్యాంకులు రాజధాని కీవ్ మీదికి వచ్చిపడ్డాయి. అక్కడికి వెర్బివ్కా ముప్పై కిలోమీటర్లే. సంతలు మూతపడ్డాయి, లారీలు ఆగిపోయాయి, ఎనిమిదో తారీఖు పొద్దున కరెంటు పోయింది. యంత్రాల్లో పన్నెండు వేల గుడ్లు. ఇంకో ఆరు రోజులకు పిల్లలు కావాలి. జనరేటర్ ఉంది గాని, అందులో డీజిల్ లేదు. ముందురోజే అంబులెన్సు వాళ్లకు పిన్నే స్వయంగా పోసి పంపింది. గుడ్డుకు పొయ్యి దొరుకుతుంది, అంబులెన్సుకు దొరకదు అన్నది ఆమె లెక్క.

కీవ్‌లో మెట్రో స్టేషన్లో తలదాచుకున్న వదీమ్ ఫోన్ చేశాడు.

"గుంట తవ్వించి గుడ్లన్నీ పాతిపెట్టెయ్, పిన్నీ. రాజధానే పోయేట్టుంటే కోడిపిల్లల గోల ఎవడిక్కావాలి?"

"రాజధాని సంగతి అక్కడున్న మీరు చూసుకోండి. ఏప్రిల్లో జనం పిల్లల కోసం మన గుమ్మంలోకే వస్తారు. ఇప్పుడు పాతిపెడితే వచ్చే చలికాలానికి ఎవరింట్లోనూ గుడ్డుండదు. అప్పుడు వాడు బాంబు వెయ్యక్కర్లేదు, మనమే ఆకలికి చస్తాం" అని పిన్ని ఫోన్ పెట్టేసింది.

ఊళ్లో ఇటుక పొయ్యిలున్న ఇళ్లు ఎనభై. ఇంటికి నూటయాభై చొప్పున పెట్టెల్లో సర్ది, గొర్రెతోలు కోట్లు కప్పి, మంచుబండ్ల మీదా పసిపిల్లల తోపుడుబండ్లలోనూ బయలుదేరదీసింది. మొదటి గుమ్మంలోనే పొరుగింటి ఒదార్కా అడ్డం తిరిగింది.

"నూటయాభయ్యా? సరిసంఖ్యా? సరిసంఖ్యలో పూలు పెట్టేది శవానికే కదే! ఇవి కోడిగుడ్లనుకున్నావా, ఏమనుకున్నావు?"

ఒకపక్క ఫిరంగులు మోగుతున్నా, మిగతా ఆడవాళ్లూ అదే పట్టు పట్టారు. పిన్ని నోరారా తిట్టింది. కానీ సరిసంఖ్య అంటే తనకూ భయమే. ఒక పెట్టెలోంచి ఒక గుడ్డు తీసి పక్క పెట్టెలో పెట్టింది. ఒకరికి నూట నలభై తొమ్మిది, ఇంకొకరికి నూట యాభై ఒకటి. ఎనభై ఇళ్లూ శాంతించాయి.

ఆ తర్వాత ఊరు ఊరంతా కళ్లు మూసుకుని గుడ్లు ఆనించుకోవడం నేర్చుకుంది.

"వేడిగా తగలకూడదు, చల్లగా తగలకూడదు. అసలు గుడ్డు ఆనించినట్టే తెలియకపోతే అదే సరైన వేడి" అని పిన్ని ఇంటింటికీ తిరిగి చెప్పింది. గుడ్డుకు ఒకవైపు పెన్సిల్‌తో గుర్తు పెట్టించి, మూడు పూటలా తిప్పించింది.

నాలుగో రోజు పేలుడుకు ఒదార్కా ఇంటి అద్దాలన్నీ రాలిపోయాయి. ఒదార్కా కిటికీలకు పరుపులు అడ్డంపెట్టి, తను కోటు లేకుండా కూర్చుని ఆ కోటు గుడ్లకు కప్పింది. అది చూసొచ్చిన పిన్ని ఖాళీ యంత్రాల మధ్య కూర్చుని ఏడ్చింది. పాతిపెట్టి ఉంటే నింద డైరెక్టర్ మీదకు పోయేది. ఇప్పుడు ఒక్క పిల్లా రాకపోతే ఎనభై కొంపల కష్టానికి తనే జవాబు చెప్పాలి. ఆమెకు నిజంగా భయం వేసింది.

ఆరో రోజు మధ్యాహ్నం ఒదార్కా ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే మంచులో పరుగెత్తుకొచ్చింది.

"జీనా! లోపల్నుంచి తలుపు కొడుతున్నారే!"

తొమ్మిది వేల నాలుగు వందల పిల్లలు! స్నానాల తొట్లలో, బీరువాల్లో, మంచాల కింద, ఎక్కడ చూసినా కిచకిచలే. ఫిరంగి మోత వినపడనంత గోల! నెలాఖరుకు ట్యాంకులు వెనక్కి మళ్లాయి. వదీమ్ తిరిగొచ్చి వ్యాను తాళాలు పిన్ని చేతిలో పెట్టాడు. కీవ్‌కు పడమర, కాలిపోయిన ఊళ్లలో ఒక్క కోడి కూడా మిగల్లేదు. ఆ పిల్లలు అక్కడికి వెళ్లాయి.

ఆగస్టులో ఇద్దరూ ఆ ఊళ్లలో ఒకదానికి వెళ్లారు. రేకుల ఇంట్లో ఉంటున్న లెస్యా అనే ఆవిడ గడ్డిలోంచి అప్పుడే పెట్టిన గుడ్డు తెచ్చి పిన్ని చేతిలో పెట్టింది. పిన్ని కన్ను మూసేలోపే వదీమ్ దాన్ని లాక్కుని తన కనురెప్పకు ఆనించుకున్నాడు.

"వేడి ఎక్కువుంది పిన్నీ."

"ఉండదూ మరి? ఇప్పుడే కదా పెట్టింది" అంది పిన్ని. "బాగా చూసుకోవయ్యా. నువ్వు పాతిపెట్టమన్నావే, అది పెట్టిన గుడ్డే."