మేనమామ బట్టలు

నాకు అక్కచెల్లెళ్ళు లేరు. మేనమామ అనిపించుకునే యోగం నీకు లేదని ఎవరైనా అంటే ‘యోగం’ అనే మాట మీద గంటసేపు వాదించగలను. అయితే ఈ పరాయి దేశంలో, బ్లాంచర్డ్స్‌టౌన్‌లో మా కింది ఫ్లాటు అమ్మాయి పరిచయమైన రోజే నన్ను ‘అన్నయ్యా’ అంది. ఆమె భర్త ఆ వరసే పట్టుకుని ‘బావా’ అన్నాడు. ఆదివారం భోజనం వాళ్ళింట్లోనే. మిగతా రోజుల్లో నాకు వినిపించే మనిషి గొంతు బస్సులో స్టాపుల పేర్లు చెప్పేది ఒక్కటే. అదీ రికార్డు చేసిందే.

వాళ్ళ పాపకు ఏడాది నిండబోతుండగా పుట్టువెంట్రుకల మాట వచ్చింది. మేనమామ పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని మొదటి కత్తెర వెయ్యాలి. ఆ అమ్మాయికి అన్నదమ్ములు లేరు.

“పైన మా అన్నయ్య ఉన్నారుగా,” అంది.

“నాస్తికుడు మేనమామా! పంతులుగారు పారిపోతారే,” అని నవ్వాడు భర్త.

ఒప్పుకున్నాను. ఇలాంటి తంతుల మీద వేదికలెక్కి గొంతు చించుకున్నవాణ్ణే. నాకు జుట్టు మీద నమ్మకం లేదు. ఒడి మీద ఉంది.

ఆమె తల్లి అప్పుడే ఇండియా నుంచి వచ్చి ఉన్నారు. “వరస కలవాలి కదమ్మా. ఈ బాబు మనవాళ్ళేనా?” అని నా ఎదుటే అడిగారు.

ఆ ప్రశ్న వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ వారం మధ్యయుగపు జపాన్ యోధవంశాల చరిత్ర చదువుతున్నాను. అదే ఎత్తుకున్నాను.

“ఆంటీ, జపాన్ యోధులకి మనకంటే వంశాభిమానం ఎక్కువ. పెద్దింటివాడు పిలిస్తే చిన్నిళ్ళవాళ్ళు కత్తి పట్టుకుని వెళ్ళాల్సిందే. అయినా అన్నదమ్ములే ఒకర్నొకరు చంపుకున్నారు. కొడుకుల్లేని చోట అల్లుణ్ణే దత్తత తీసుకుని ఇంటిపేరిచ్చారు. రక్తమన్నది వాళ్ళు చెప్పుకున్న కథ.”

“ఇల్లరికం మనకీ ఉందిలే బాబూ.”

“ఇది వినండి. కుర్రాడు ఎదిగాక జుట్టు సవరించి, తలకి నల్ల టోపీ పెట్టే వేడుక చేసేవాళ్ళు. చాలాసార్లు ఆ టోపీ పెట్టేది సొంతవాడు కాదు, బయటివాడు. ఆ రోజునుంచి కుర్రాడికి ఇంకో తండ్రిలాంటివాడు. తన పేరులో అక్షరం కూడా ఇచ్చేవాడు. చుట్టరికం పుట్టుకతో రాదు ఆంటీ, చేసుకుంటే వస్తుంది.”

“టోపీ పెట్టేవాళ్ళు మనకీ తక్కువేం లేరు బావా,” అన్నాడు భర్త. నవ్వయ్యాక అడిగాడు. “ఇంతకీ ఆ బయటివాణ్ణి ఎలా ఎంచుకునేవాళ్ళు?”

వాదనలో సగం నిజం దాచడం నాకు చేతకాదు. “తమకంటే పై మెట్టు మీదున్నవాణ్ణి. రేపు కష్టమొస్తే అండగా ఉండేవాణ్ణి,” అన్నాను.

“ఓహో,” అన్నాడు.

ఆంటీ మళ్ళీ నా కులం అడగలేదు. నేను గెలిచాననుకున్నాను. అదే ఉత్సాహంతో, ఇంట్లో బట్టలమ్మే ఒకావిడ దగ్గరికి వెళ్ళి చిన్న పచ్చ పట్టులంగా కొన్నాను. వేడుక రోజు పాపకు మేనమామ బట్టలే తొడగాలి. వచ్చే ఏడాదికీ సరిపోతుందని ఒక సైజు పెద్దది తీసుకున్నాను.

వేడుక నాడు, అద్దెకు తీసుకున్న హాలు గుమ్మంలోనే పాప తండ్రి ఎదురొచ్చాడు.

“బ్రో, ఒక్క నిమిషం.”

బావా అనలేదు.

“మా మేనేజర్‌గారు ఊరికి అటు చివర చెర్రీవుడ్ నుంచి వచ్చారు. మన తెలుగాయనే. పాపని ఒళ్ళో పెట్టుకుంటారా అని అడిగితే ఎంత సంతోషపడ్డారో! నా టీమ్ లీడ్ పోస్టు కూడా ఆయనే తేల్చాల్సి ఉందిగా. నువ్వే చెప్పావు, పై మెట్టు మీదున్నవాణ్ణి అని. ఏమనుకోవుగా?”

“గ్రాండ్,” అన్నాను. ఈ దేశంలో బాగున్నా బాగోకపోయినా అనే మాట అది.

కులం అడిగితే ఎదిరించే మాటలు నా దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. హోదా మాత్రం నా మాటలే పట్టుకుని వచ్చింది. బట్టల సంచితో వెనక కుర్చీలో కూర్చున్నాను. మేనేజర్‌గారు సూటు మీద తువ్వాలు పరుచుకుని పాపను కూర్చోబెట్టుకున్నారు. కత్తెర చూసి పాప గుక్కపట్టి ఏడ్చింది. గుండు చేసి స్నానం చేయించి తీసుకొచ్చారు.

“మేనమామ బట్టలేవండీ?” అన్నారు ఆంటీ.

“బట్టలు కూడా తేవాలా? నాకెవరూ చెప్పలేదండీ. గిఫ్ట్ కార్డు తెచ్చాను,” అన్నారాయన, పాపం, నిజంగానే కంగారుపడుతూ.

 ఆ అమ్మాయి నా చేతిలోని సంచి వైపు చూసి, వెంటనే చూపు తిప్పేసుకుంది. ఆంటీ తిప్పుకోలేదు. నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు.

“బాబూ, అవి పాపకేనా? ఆయన చేత ఇప్పిద్దాం నాయనా. శాస్త్రం జరగాలి కదా.”

ఇచ్చాను. మేనేజర్‌గారి చేతుల మీదుగా పచ్చలంగా పాపకెక్కింది. “మేనమామ సెలక్షన్ భలేగా ఉందే!” అన్నారెవరో. ఆయన నవ్వి దణ్ణం పెట్టారు. పాప ఆ పొడుగు అంచు తొక్కుకుని తూలింది. ఎవరో ఎత్తుకున్నారు.

భోజనాలకు ఉండలేదు. బస్టాపులో నిలబడి, ఆంటీతో అప్పుడు చేసిన వాదన మొదటినుంచి చివరిదాకా తిరగేశాను. ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని. దొరికితే బాగుండేది.