స్టెల్లా ఆవుకు పెట్టిన అన్నం

చంద్రగిరి దాటి లోపలికి పోతే వచ్చే ఆ చిన్న ఊళ్ళో, పశువుల మేపు గురించి ఎవరికి ఏ అనుమానం వచ్చినా మునిచంద్రనే అడిగేవారు. అడగకపోయినా చెప్పేవాడు, అది వేరే సంగతి. మంచు ఆరకముందే ఆవుల్ని పచ్చికలోకి తోలొద్దనేవాడు. ఒట్టి పచ్చిమేతతో పాలు నీళ్ళవుతాయని, వెన్న రావాలంటే సాయంత్రం ఇంత ఎండుమేత, వరిగడ్డో చెనక్కాయ కట్టో పడాలని చెప్పేవాడు. పాలకేంద్రంలో తన పాలకు వెన్న శాతం బాగా వచ్చిన రోజు ఆయన్ని పట్టడం కష్టమే.

వీధి చివరి ఇంటి స్టెల్లా, భర్త పోయాక ఒక జెర్సీ ఆవును కొనుక్కుంది. పొద్దున్నే పాలు పితికి, బస్సెక్కి తిరుపతికి పోయి లాడ్జి గదులు ఊడుస్తుంది. పగలు ఆవును చూసే దిక్కు లేదు.

"నా రెండు ఆవులతో పాటు నేనే తోలుకుపోతాలేమ్మా. నా మేపు పడినాక సూడు, పాలెట్టా వస్తాయో!" అన్నాడు మునిచంద్ర, పాలకేంద్రం ముందర, అందరికీ వినపడేలా.

ఆవుకు మాత్రం ఆయన గొప్పలు పట్టలేదు. కొండ కింద బీడులో కడుపునిండా మేసొచ్చి మునుపటంత పాలే ఇచ్చేది. ఇంకొన్నాళ్ళు ఓపిక పడితే దారికొచ్చేదే. ఈలోగా, పాలకేంద్రానికి పాలు పోయడానికొచ్చిన శాంతయ్య ఊరుకోలేదు. "ఏమప్పా, నీ మేపు ఆ ఆవుకు అంటలేదా?" అని నవ్వాడు. ఆ పూట మునిచంద్రకు సంగటి కూడా సయించలేదు.

ముహూర్తాల రోజుల్లో తిరుపతి కల్యాణ మండపాల్లో మిగిలిన అన్నం ఆటోల్లో పల్లెలకు వస్తుంది, పశువుల కోసం. మునిచంద్ర కూడా తీసుకునేవాడు. కుడితిలో పిడికెడు కలిపేవాడు, అంతే. ఎక్కువైతే కడుపులో పులిసి ఆవు పడిపోతుందని ఊరందరినీ హెచ్చరించే మనిషి ఆయనే. అలాంటివాడు ఆ మధ్యాహ్నం స్టెల్లా ఆవు ముందు బకెట్టెడు అన్నం కుమ్మరించాడు. ఒక్కసారికి ఏం కాదులే అనుకున్నాడు. అన్నం పడితే రేపటికి పాలు పెరుగుతాయి, అప్పుడు శాంతయ్య మొహం చూడాలనుకున్నాడు. పిచ్చి జీవం, ఆబగా తినేసింది.

తెల్లారేసరికి ఆవు కొట్టంలో కూలబడి ఉంది. పొట్ట ఉబ్బింది, పళ్ళు కొరుకుతోంది. స్టెల్లా ఏడుపుకు వీధంతా పోగైంది. పశువుల డాక్టరు కృష్ణమూర్తి వచ్చీ రాగానే, "ఏం తింది?" అని అడిగాడు.

"నాకు తెలీదు సార్. మేపేది అన్నే. అన్ననడగండి."

అందరూ మునిచంద్ర వైపు తిరిగారు. నిజం నాలుక దాకా వచ్చింది. ఎదురుగా శాంతయ్య నిలబడి ఉన్నాడు.

"లేత జొన్నలో నోరు పెట్టినట్టుండాది సార్. పగ్గం తెంచుకోని పోయింది. పాత పగ్గం గదా" అన్నాడు మునిచంద్ర.

స్టెల్లా తల బాదుకుంది. "నాదే తప్పు సార్. పగ్గం మార్సమని అన్న ముందే సెప్పినాడు. నేనే రేపు మాపని ఊరుకుంటిని." ఆవు మెడ పట్టుకుని, "నిన్ను నేనే సంపుకుంటి గదమ్మా!" అని గొల్లుమంది.

డాక్టరు పొట్ట నొక్కి చూశాడు. జొన్న విషమైతే ఇలా ఉండదే అని గొణిగాడు. కానీ మేపినవాడే చెబుతున్నాడాయె, దానికి వేసే ఇంజెక్షనే బయటికి తీశాడు. ఆ మందుతో ఈ ఆవు బతకదని మునిచంద్రకు తెలుసు. నోరు మూసుకుంటే ఆవు పోతుంది, తన పరువు నిలుస్తుంది. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి బేరీజు వేస్తున్నానని తెలిసొచ్చేసరికి, సిగ్గుతో చచ్చిపోయాడు.

"జొన్న కాదు సార్" అన్నాడు. ఇంజెక్షనుకు అడ్డంగా చెయ్యి పెట్టి మళ్ళీ అన్నాడు. "జొన్న కాదు. అన్నం. బకెట్టెడు నేనే పెట్టినా. పగ్గం తెగలా."

"బుద్ధుందా నీకు? ఊరందరికీ చెప్పేవాడివే!" అని డాక్టరు మండిపడ్డాడు. వంటసోడా తెమ్మని కేక వేశాడు. శాంతయ్యే పరుగెత్తి తెచ్చాడు. ఈసారి నవ్వలేదు. నవ్వినా బాగుండేదనిపించింది మునిచంద్రకు.

సోడా నీళ్ళు తాగించి, సెలైన్లు ఎక్కించాక, సాయంత్రానికి ఆవు లేచి నిలబడింది. పాలు మాత్రం అడుగంటాయి. జనమంతా పోయాక మునిచంద్ర ఒక్కడే కొట్టం ముందు మిగిలాడు.

"నాలుగు తిట్టమ్మా. నీకు పుణ్యముంటుంది" అన్నాడు.

స్టెల్లా ఆవు మూతి తుడుస్తూ తలెత్తలేదు. "తిట్టేదేముండాదన్నా. నువ్వు సెప్పకుంటే ఇది సచ్చిపోయేది. నా పగ్గమే సంపిందని నేను బతికినన్నాళ్ళూ ఏడస్తా ఉందును. నీ కాడికే వచ్చి ఏడస్తా ఉందును. నువ్వు నన్ను ఓదారస్తా ఉందువు."